నాలుగు వేళ్ల ఎడం

పోయినవారం మనం అక్కను సాక్షి కుర్చీలో కూర్చోబెట్టి, ఆమె నోరు తెరిచే వేళకు చోటు చాలలేదని లేచి వచ్చేశాం. పాపం, వారం రోజులుగా అలాగే కూర్చుని ఉంది. ముందు ఆమెకు ఒక గ్లాసు మంచినీళ్లిద్దాం. ఆమె తాగేలోపు, ఈ వారమే కథలో అడుగుపెట్టినవాళ్లకు నాలుగు ముక్కలు చెబుతాను.

సభాభవనంలో నాలుగు వందల మంది కూర్చుని ఉండగా పేలాల్సిన బాంబు పేలలేదు. దాన్ని టీ బండి అడుగున పెట్టుకుని, వడ్డనవాళ్లు తొడుక్కునే తెల్లకోటు తొడుక్కుని వచ్చినవాడు దొరికిపోయాడు. కోర్టు వాడికి ఇరవై రెండేళ్లు వేసింది. వాడు అక్కకు సొంత తమ్ముడు. ఆ భవనంలో బట్టల గది పెత్తనం అక్కది. కుర్చీ గుడ్డల దగ్గర్నుంచి వడ్డనవాళ్ల కోట్ల దాకా ఆమె చేతి మీదుగా పోవాల్సిందే. ఇంకేం, కోటు ఇచ్చింది అక్కే, లోపలికి పంపింది అక్కే అని ఊరు ముక్కున వేలేసుకుని మరీ తీర్పు చెప్పేసింది. అక్క మీద మాత్రం పోలీసు కేసు ఇంకా పెట్టలేదు. భవనం భద్రత ఎక్కడ తప్పిందో తేల్చడానికి ఒక విచారణ వేశారు. విచారించే జడ్జిగారు "ఈమె చేయి ఉంది" అని ఒక్క వాక్యం రాస్తే చాలు, అక్క ఆ గదిలోంచి ఇంటికి కాదు, జైలుకే వెళుతుంది.

ఆ వాక్యం రాయించడానికి కంకణం కట్టుకున్న పెద్దమనిషి ముందు వరసలోనే ఉన్నాడు. భవనం సెక్యూరిటీ అధికారి. అందరూ ఆయన్ని కమాండరు అంటారు. సైన్యంలో ఆయన ఒక్కరోజు కూడా పనిచేయలేదు, కానీ నడక చూస్తే మూడు యుద్ధాలు గెలిచి వచ్చినట్టుంటుంది. బాంబుతో వచ్చినవాణ్ని ఒంటిచేత్తో పట్టుకున్నందుకు ఆయనకు పతకం ఇచ్చారు. ఆ పతకాన్ని విచారణకు కూడా తగిలించుకొచ్చాడు.

అక్క గ్లాసు కింద పెట్టింది. భవనం తరపు లాయరు లేచి గోడ మీది తెర చూపించాడు. కెమెరాలో పడిన బొమ్మలు కదిలాయి గాని మాట వినపడదు. వంటింటి వైపు తలుపు దగ్గర అక్క నిలబడి ఉంది. టీ బండి తోసుకుంటూ ఒకడు వచ్చాడు. అక్క వాడి మోచెయ్యి పట్టుకుంది. ఏదో అంది. వాడేదో అన్నాడు. తరవాత ఇద్దరూ పక్కనున్న బట్టల గదిలోకి వెళ్లారు. బొమ్మ అక్కడితో ఆగిపోయింది. తరవాతది రికార్డు కాలేదట, ఎందుకు కాలేదో కమాండరుకే తెలియాలి.

"రెండు నిమిషాలు. లోపల బాంబు పెట్టబోయేవాడితో రెండు నిమిషాలు నిలబడి మాట్లాడారు. ఏమిటమ్మా, కుశల ప్రశ్నలా?" అన్నాడు లాయరు.

"మాట్లాడానండీ. అయితే ముందు వాడు మా తమ్ముడని నాకు తెలీదు."

వెనక బెంచీల్లో కిసుక్కుమన్నారు. కమాండరు మీసం కింద నవ్వుకున్నాడు.

"సొంత తమ్ముణ్ని గుర్తుపట్టలేదా?"

"గడ్డం తీసేశాడు, కళ్లద్దాలు పెట్టాడు, తల సగం గొరిగించుకున్నాడు. మూడేళ్లుగా వాణ్ని నేను చూడలేదు. అయినా ఆ తలుపు దగ్గర నేను మొహాలు చూడనండీ. నలభై మంది వడ్డనవాళ్లు వరసగా పోతుంటారు. కోటు చేతులు చూస్తా. మాసిందా, నలిగిందా, బొత్తాం ఊడిందా, అంతే. వాడి కోటు చెయ్యి చూశా. అది మా ఇంటి ఇస్త్రీ. అప్పుడు తలెత్తి మొహం చూశా."

"ఇస్త్రీ చూసి మనిషిని పట్టేశారు!" లాయరు సభ వైపు తిరిగి చేతులు చాచాడు. "ఇస్త్రీకి ఇంటిపేరు కూడా ఉంటుందన్నమాట."

"ఉంటుందండీ," అంది అక్క.

ఈసారి నవ్వు గట్టిగానే వచ్చింది. నవ్వనివాళ్లు ఇద్దరే. ఒకరు చివరి బెంచీలో గోడకు ఆనుకుని కూర్చున్న అక్క తండ్రి. రెండోవారు జడ్జిగారు. ఆవిడ కళ్లద్దాలు తీసి కొంగుతో తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నారు. తీర్పులు రాసి రాసి వేళ్లు వంకరపోయిన మనిషి. తొందరపడి ఎవర్నీ నమ్మరు, తొందరపడి ఎవర్నీ కొట్టిపారేయరు.

"ఆ గుర్తేమిటో ఇప్పుడే బయటపెట్టకండమ్మా. కాగితం మీద రాసి మడిచి నాకివ్వండి," అన్నారావిడ. గుమస్తాను పిలిచి చెవిలో ఏదో చెప్పి బయటికి పంపించారు. "వాడు తిరిగొచ్చేలోపు ఒక సంగతి చెప్పండి. కోర్టు మీ తమ్ముడు ఏం చేశాడో తేల్చింది. ఎలాంటివాడో ఎవరూ అడగలేదు. నేను అడుగుతున్నాను."

ఏడాదిగా అక్కను ఎన్నో అడిగారు. ఈ మాట మాత్రం ఎవరూ అడగలేదు. గ్లాసులో మిగిలిన నీళ్లు తాగేసి మొదలుపెట్టింది.

వాళ్ల లాండ్రీ ఇంటి ముందు గదిలోనే ఉంటుంది. మూడు ఇస్త్రీ బల్లలు. ఒకటి తండ్రిది, ఒకటి మేనత్తది, కిటికీ పక్కది పిల్లలిద్దరిదీ. తల్లి పోయేనాటికి తమ్ముడికి నాలుగేళ్లు, అక్కకు పదకొండు. వాణ్ని బల్ల కింద పడుకోబెట్టి పైన అక్క దిండు గలీబులు ఇస్త్రీ చేసేది. వెచ్చగా ఉంటుందని వాడు అక్కడే నిద్రపోయేవాడు. పదేళ్లకే వాడి చెయ్యి తిరిగింది. తండ్రి అరగంట చేసే పని వాడు పావుగంటలో, అంతకంటే బాగా చేసేవాడు.

"పనిదొంగ కాదండీ వాడు. చెడు సావాసాలూ లేవు. వాడికి ఒకటే జబ్బు. మరక చూస్తే ఊరుకోలేడు," అంది అక్క. "పదమూడో ఏట ఒకాయన చొక్కా ఇచ్చాడు. ఉద్యోగానికి వెళ్లాలి, పొద్దున్నే కావాలన్నాడు. జేబు మీద పాత మరక, పసుప్పచ్చగా. పోయేది కాదది. మావాడు రుద్దాడు, నానబెట్టాడు, మళ్లీ రుద్దాడు. సాయంత్రానికి జేబుతో సహా గుడ్డ చిరిగి చేతికొచ్చింది. మా నాన్న కొట్టలేదు, తిట్టలేదు. 'మరక పోలేదు గాని చొక్కా పోయింది కదరా. మరకతో అయినా ఆయన వేసుకుని వెళ్లేవాడు' అన్నాడు. మావాడేమన్నాడో తెలుసా అండీ? 'మరకున్న చొక్కా ఉంటే ఎంత, పోతే ఎంత' అన్నాడు. అప్పుడు మేమందరం నవ్వుకున్నాం."

గదిలో ఇప్పుడు ఎవరూ నవ్వలేదు.

తమ్ముడు పెద్దవాడయ్యాడు. ఆసుపత్రి దుప్పట్ల పని వాళ్ల లాండ్రీకి పెద్ద ఆధారం. ఆసుపత్రివాళ్లు మిషన్లు కొనుక్కుని ఆ పని ఆపేశారు. ఊళ్లో లాండ్రీ పనివాళ్లు అరవై మంది ఒక్కసారిగా వీధిన పడ్డారు. వాళ్లందరి తరపునా అర్జీ రాసింది తమ్ముడే. పదకొండు నెలలు ఆఫీసుల చుట్టూ కాళ్లరిగేలా తిరిగాడు. చివరికి ఒక ఆఫీసులో గుమస్తా ఆ అర్జీ అందుకుని, చదవకుండా బల్ల మీద పెట్టి, దాని మీద టీ గ్లాసు పెట్టాడు. కాగితం మీద గుండ్రంగా మరక పడింది.

"వాడు ఆ కాగితం వెనక్కి లాక్కొచ్చి కిటికీ పక్క గోడకు అంటించాడు. చింపి పారేయరా అంటే వినలేదు. రోజూ ఇస్త్రీ చేస్తూ దాన్నే చూసేవాడు. అప్పట్లో మా దగ్గరికి ప్రతి గురువారం ఒకాయన వచ్చేవాడు. ఒకే ఒక తెల్లచొక్కా తెచ్చేవాడు. మాస్టారు అనేవాళ్లం గాని ఎక్కడా పాఠం చెప్పగా ఎవరూ చూడలేదు. చొక్కా ఇచ్చి వెళ్లిపోకుండా మావాడితో కూర్చునేవాడు. ఒకరోజు గోడ మీది కాగితం చూసి 'ఊరంతా ఇలాగే మరకపట్టిందబ్బాయ్, ఉతికితే పోయేది కాదు' అన్నాడు. నేను పక్కనే గంజి కలుపుతున్నా. విన్నా. వినీ ఊరుకున్నా. నా తప్పంటూ ఉంటే అదొక్కటేనండీ."

ఆ మాస్టారు ఎక్కడున్నాడో ఈనాటికీ పోలీసులకు తెలియదు. తమ్ముడు మాత్రం రెండు నెలలు తిరక్కుండా, ఒక మధ్యాహ్నం అన్నం ముందు నుంచి లేచి వెళ్లిపోయాడు. కట్టుబట్టలతో వెళ్లాడు. వెంట తీసుకెళ్లింది తన ఇస్త్రీపెట్టె ఒక్కటే.

"అంటే, అన్యాయం జరిగింది కాబట్టి వాడలా తయారయ్యాడంటారు," అన్నాడు లాయరు, చేప గాలానికి పడిందన్న సంబరంతో.

అక్క ఆయన వైపు తిరిగింది. అంతసేపూ ఒదిగి కూర్చున్న మనిషి ఒక్కసారి నిటారుగా అయింది.

"అనను. అన్యాయం అరవై మందికి జరిగింది. మిగిలిన యాభై తొమ్మిది మంది ఎవరి గొంతూ కోయలేదు. టీ గ్లాసు పెట్టినవాడి మీద నాకిప్పటికీ కోపమే. కానీ ఆ రోజు సభలో వాడు లేడండీ. ఉన్నా సరే, టీ మరకకు నాలుగు వందల ప్రాణాలా? మా తమ్ముడికి పడిన శిక్ష తక్కువో ఎక్కువో నేను మాట్లాడను. వాడి తరపున వకాల్తాకు రాలేదు. జరిగింది చెప్పడానికొచ్చా."

లాయరు ఉన్నచోటే కూర్చుండిపోయాడు. లాండ్రీవాళ్ల అమ్మాయి కదా, ఉతికి ఆరేయడం ఆమెకు వెన్నతో పెట్టిన విద్య.

భోజనాల వేళ దాటాక గుమస్తా చెమటలు కక్కుకుంటూ తిరిగొచ్చాడు. వెంట ఒక కొయ్య స్టాండు, దానికి ఆరు తెల్లకోట్లు. జడ్జిగారు లేచి నిలబడి అందరికీ వినపడేలా చెప్పారు. భవనం నుంచి నలిగిన కోట్లు ఐదు తెప్పించి, ఒక్కోటి ఒక్కో లాండ్రీకి పంపి ఇస్త్రీ చేయించారట. ఏ లాండ్రీ అన్నది ఆవిడకూ గుమస్తాకూ తప్ప తెలియదు. ఆరోది, ఆ రోజు ముద్దాయి ఒంటి మీద ఉన్నది. కోర్టువాళ్లు కొయ్య హ్యాంగరుకు తగిలించి, పెద్ద కవరులో పెట్టి సీలు వేసి ఉంచారు. ఇప్పుడు సీలు తీసి ఆరింటినీ కలిపేశారు.

"మీరు చెప్పింది నిజమైతే ఆ కోటేదో చూపించండి," అన్నారు.

కమాండరు కాలు మీద కాలు వేసుకున్నాడు. బట్టల గదిలో అక్క కింద పనిచేసే ఆడవాళ్లు నలుగురు రెండో వరసలో ఒకరి చెయ్యి ఒకరు పట్టుకున్నారు. ఏడాదిగా వాళ్లు నలుగురే అక్కతో కలిసి అన్నం తిన్నవాళ్లు.

అక్క స్టాండు దగ్గరికి వెళ్లి, తడి లేకుండా చేతులు చీర కుచ్చిళ్లకు తుడుచుకుంది. మొదటి కోటు చెయ్యి ఎత్తి చూసి వదిలేసింది.

"ఇది ఆవిరి మిషను పని. మిషనుకు ప్రేమా లేదు, పగా లేదు. అన్నీ ఒకేలా నొక్కేస్తుంది."

రెండోది. "ఇది చేసినవాడికి ఆకలేస్తోంది. ఎడమ చెయ్యి బాగానే చేశాడు, కుడి చెయ్యి దగ్గరికొచ్చేసరికి లేచి పోయాడు."

"పన్నెండున్నరకు ఇచ్చానండీ ఆ షాపులో," అని గుమస్తా అనేసి నాలుక కరుచుకున్నాడు. జడ్జిగారు కూడా నవ్వాపుకోలేకపోయారు.

మూడోది పట్టుకోగానే అక్క మొహంలో మొదటిసారి వెలుగొచ్చింది. "ఇది మా ఇంటిదే. మా మేనత్త చేసింది. పొద్దున ఎవరిమీదో కోపం వచ్చినట్టుంది, గంజి దంచి కొట్టింది." గుమస్తా తలాడించాడు. అవును, వాళ్ల లాండ్రీకీ ఒక కోటు పంపారు. మేనత్త కోపం ఎవరి మీదో కూడా అతనికి తెలుసు, తొందరపెట్టిన తన మీదే.

నాలుగోది చూసి పక్కకు జరిపింది. ఐదోదాని చెయ్యి అందుకుంది. అందుకుని అలాగే నిలబడిపోయింది. బొటనవేలితో మడత వెంట పైనుంచి కిందికి నెమ్మదిగా రాసింది. ఆరోదాన్ని చూడను కూడా లేదు.

"ఇది మావాడు," అంది.

గుమస్తా కోటు లోపలున్న కోర్టు చీటీ తిప్పి చూపించాడు. అదే. జడ్జిగారు ఉదయం అక్క రాసిచ్చిన కాగితం విప్పి పైకి చదివారు. "'మా ఇంట్లో చేతి మడత చివరిదాకా తీయం. అంచుకు నాలుగు వేళ్ల ముందే ఆపేస్తాం. అంచు మీద మడత పడితే గుడ్డ అక్కడే ముందు చిరుగుతుంది. ఇది మా తాత నేర్పిన పని. చూసేవాళ్లు సగం పనే చేశారనుకుంటారు. అందుకే ఇంకెవరూ ఇలా చేయరు.'"

ఆవిడ ఐదో కోటు చెయ్యి ఎత్తి చూశారు. మడత కత్తి అంచులా కిందికి దిగి, మణికట్టుకు ముందే ఆగిపోయింది. ఊరి కళ్లు కప్పడానికి గడ్డం తీసేసినవాడు, కళ్లద్దాలు పెట్టినవాడు, నలిగిన కోటు తొడుక్కుని మాత్రం గడప దాటలేకపోయాడు. ఇస్త్రీ చేసుకున్నాడు. చేసేటప్పుడు చెయ్యి దాని అలవాటు ప్రకారం నాలుగు వేళ్ల ముందు ఆగింది.

గది గుసగుసలాడింది. రెండో వరసలో ఒకామె ఏడుస్తూ నవ్వుతోంది. కానీ లాయరు అంత తేలిగ్గా వదిలే రకమా? చటుక్కున లేచాడు.

"చాలా బాగుంది. ఒప్పుకున్నాం. ఇది వీళ్లింటి ఇస్త్రీయే. అయితే ఈవిడా ఆ ఇంటి మనిషే కదా! బట్టల గదిలో తన చేత్తోనే ఇస్త్రీ చేసి తమ్ముడికి తొడిగి పంపింది. తన నోటితో తనే నిరూపించింది. అమ్మగారూ, ఇంక నేను అడిగేదేమీ లేదు."

కమాండరు పతకం సర్దుకున్నాడు. ఆడవాళ్లు నలుగురి మొహాలూ పాలిపోయాయి. జడ్జిగారి కలం కాగితం మీదికి వెళ్లింది. తవ్వుకున్న గోతిలో తనే పడ్డట్టయిందే అని మీరు అనుకుంటున్నారు కదూ? నేనూ రాస్తూ అలాగే అనుకున్నాను. అక్క మాత్రం కంగారుపడలేదు.

"నాలుగు వేళ్లు అన్నానండీ. ఎవరి నాలుగు వేళ్లు?" అంది.

లాయరుకు అర్థం కాలేదు.

"అంగుళాలు కావు, టేపు పెట్టం. ఎవరి చెయ్యి వాళ్లు అంచు మీద పెట్టుకుని, అక్కడ పెట్టె ఆపుతాం. మా అత్తవి సన్నటి వేళ్లు. చూడండి." మేనత్త చేసిన కోటు మీద తన చెయ్యి పెట్టింది. ఎడం చాలక చూపుడువేలు మడత మీదికెక్కింది. ఐదో కోటు మీద అదే చెయ్యి పెట్టింది. మడతకు ఇంకా ఒక వేలు పట్టే చోటు మిగిలిపోయింది. "నేను చేస్తే ఎడం ఇంత రాదండీ. మావాడిది చాటంత చెయ్యి."

"అది మీరు చెబుతున్న మాట," అన్నాడు లాయరు. గొంతులో పస తగ్గింది.

"మీ ఫైల్లో వాడి చెయ్యి ఉంటుంది కదండీ. పట్టుకున్న రోజు సిరా పూసి ముద్ర వేయించారు."

జడ్జిగారు ఫైలు తిరగేశారు. అరచెయ్యి మొత్తం నల్లగా పడిన కాగితం దొరికింది. గుమస్తా కోటు చెయ్యి బల్ల మీద పరిచాడు. ముద్ర కాగితాన్ని దాని పక్కన పెట్టి, చిటికెనవేలు అంచును కోటు అంచుకు కలిపాడు. జడ్జిగారు వంగారు. లాయరు వంగాడు. కమాండరు కూర్చున్నచోటు నుంచే మెడ సాచాడు. చూపుడువేలు ఎక్కడ అయిపోయిందో సరిగ్గా అక్కడ మడత మొదలైంది. వెంట్రుకవాసి తేడా లేదు.

"బట్టల గదిలో మేము చేత్తో ఇస్త్రీ చేయనే చేయమండీ. అంతా మిషనే. నేనిచ్చిన కోటైతే మడత చివరిదాకా ఉండేది," అంది అక్క. "వాడు మాసిన కోటు ఎత్తుకెళ్లి, తనే ఉతుక్కుని, తనే ఇస్త్రీ చేసుకున్నాడు."

"మాసిన బట్టల తొట్టి ఎక్కడ ఉంటుంది?" జడ్జిగారు అడిగింది అక్కను కాదు. కమాండరును.

"పెరట్లోనండీ."

"పెరటి గేటు తాళం?"

గుమ్మడికాయ దొంగ అనకముందే కమాండరు చేయి భుజం మీదికి వెళ్లింది. "మా దగ్గరేనండీ."

"సరే. అమ్మా, ఇప్పుడు ఆ రెండు నిమిషాలు చెప్పండి."

అక్క చెప్పింది. తలెత్తి తమ్ముడి మొహం చూసి, వెంటనే టీ బండి వైపు చూసిందట. బండి అడుగున గుడ్డ కప్పి ఏదో ఉంది. వాడు మూడేళ్ల తరవాత, ఇలా మారువేషంలో, ఈ బండితో ఎందుకొచ్చాడో ఎవరూ చెప్పనక్కరలేకపోయింది. అరిస్తే వాడు బండితో లోపలికి పరిగెడతాడు. పట్టుకుంటే తోసేస్తాడు. ఎదురుగా సభలో నాలుగు వందల మంది చప్పట్లు కొడుతున్నారు.

"'అక్కా, అడ్డు లే' అన్నాడు. నేను బతిమాలలేదు. వాడు వినే స్థితి దాటిపోయాడని కళ్లలోనే తెలిసింది. 'ఉండరా, వీపు మీద మరకుంది. ఇలా లోపలికెళ్తే అందరూ నిన్నే చూస్తారు. రా, మార్చిస్తా' అన్నా. మరక లేదు. ఏమీ లేదు. కానీ వాడు ఆగాడండీ. మెడ తిప్పి వీపు చూసుకోబోయాడు. బండి మీంచి చెయ్యి తీశాడు. నేను మోచెయ్యి పట్టుకుని గదిలోకి నడిపించి, 'తీసి చూడు' అని బయటికొచ్చి గడియ పెట్టేశా. ఇనప తలుపది. బండి బయట ఉండిపోయింది. వాడు లోపల ఉండిపోయాడు. గంట మోగించి అందరినీ బయటికి పంపించా."

"ఆ తలుపు తీసినప్పుడు వాడేం చేస్తున్నాడు?"

"కోటు విప్పి ఊచల కిటికీ వెలుతురుకు పట్టుకుని, మరక కోసం వెతుకుతున్నాడట." ఇప్పుడు అక్క కళ్లు నిండాయి. తుడుచుకోలేదు.

"తలుపు తీసి పట్టుకుంది నేనే!" అని కమాండరు ఉండబట్టలేక లేచాడు.

"తీశారు. సంతోషం," అన్నారు జడ్జిగారు. "బయటి నుంచి పెట్టిన గడియ తీశారు. ఆ గడియ పెట్టిందెవరో మీ వాంగ్మూలంలో ఎక్కడా లేదేం?"

కమాండరు తేలుకుట్టిన దొంగలా కూర్చున్నాడు. ఒళ్లోని ఫైలు కొంచెం పైకి జరిపి పతకానికి అడ్డం పెట్టుకున్నాడు.

జడ్జిగారు కలం మూత పెట్టి లేచి నిలబడ్డారు. ఆవిడ లేవడంతో అందరూ లేచారు. "నా నివేదిక రేపు వస్తుంది. కానీ ఈమెను ఒక్క రాత్రి కూడా ఇంకా అనుమానంతో ఇంటికి పంపడం నాకిష్టం లేదు. ఆ రోజు ఆ భవనాన్ని కాపాడింది ఈమె. ఒక్కతే కాపాడింది. ఈమె మీద ఏ నేరమూ లేదు. ఏడాదిపాటు ఈమెను వేలెత్తి చూపినవాళ్లలో, ఆ రోజు సభలో కూర్చుని బతికి బయటపడ్డవాళ్లు కూడా ఉన్నారు. వాళ్లు ఇంటికెళ్లి ఒకసారి తమ పిల్లల మొహం చూసుకుంటే మంచిది."

చప్పట్లు ఎవరు మొదలెట్టారో తెలియదు. గది దద్దరిల్లింది. ఆడవాళ్లు నలుగురూ బెంచీలు తోసుకుంటూ వచ్చి అక్కను చుట్టేశారు. ఒకామె అక్క చేతిని పైకెత్తి, నాలుగు వేళ్లూ ఊరందరికీ చూపిస్తోంది. నిన్నటిదాకా లాండ్రీ ముందు నుంచి తల తిప్పుకుని పోయినవాళ్లు దారి వదిలి నిలబడ్డారు. అక్క ఏడాది తరవాత పళ్లు కనపడేలా నవ్వింది. ఆ నవ్వు చూడటానికే నేను ఇన్ని వారాలు ఈ కథ రాశానంటే నమ్మండి. చివరి బెంచీలో తండ్రి రెండు చేతులతో మొహం కప్పుకుని భుజాలు కదిలేలా ఏడుస్తున్నాడు.

సందడి సద్దుమణిగింది. గుమస్తా ఆ కోటును మళ్లీ కవరులో కుక్కడానికి నానా తంటాలు పడుతుంటే జడ్జిగారు నవ్వి, "ఆమెకివ్వవయ్యా. చేతనైనవాళ్లు మడతపెడతారు," అన్నారు.

అక్క కోటును బల్ల మీద బోర్లా పరిచింది. చేతులు లోపలికి మడిచింది. కాలరు సర్దడానికి ఎత్తి, దాని వెనకవైపు చూసింది. చెయ్యి అక్కడే ఆగిపోయింది.

తమ్ముడు కాలరు ఇస్త్రీ చేస్తే పెట్టెను రెండు మొనల నుంచి మధ్యకు తీస్తాడు. అక్కా అంతే, మేనత్తా అంతే. ఆ ఇంట్లో అలా తీయలేనిది ఒక్కరే. ఎప్పుడో మిషనులో నలిగి కుడి బొటనవేలు కొయ్యలా బిగుసుకుపోయిన తండ్రి. ఆయన కాలరును ఒక పక్క నుంచి రెండో పక్కకు ఒకే ఊపులో లాగుతాడు. చివర్న, వంగని ఆ వేలు నొక్కిన చోట గంజి పెళుసై చిన్న సొట్ట పడుతుంది. ముప్పై ఏళ్లుగా ఆ సొట్ట అక్కకు తన అరచేతి గీతంత తెలుసు.

ఈ కాలరు వెనక ఆ సొట్ట ఉంది.

మూడేళ్లుగా కొడుకు మొహం చూడలేదని తండ్రి పోలీసుల దగ్గర చెప్పాడు, కోర్టులో ప్రమాణం చేసి చెప్పాడు. అక్కకు కూడా అదే చెప్పాడు.

అక్క తల ఎత్తలేదు. కాలరును లోపలికి తిప్పి, దాని మీద మడత వేసి, ఇంకో మడత వేసి, కవరులో పెట్టేసింది. గుమస్తా సీలు కోసం లక్క వెలిగించాడు.

"ఇంక వెళ్లచ్చమ్మా. చివరగా ఇంకేమైనా చెప్పాల్సింది ఉందా?" జడ్జిగారు ఆప్యాయంగా అడిగారు.

"ఏమీ లేదండీ," అంది అక్క. ఆ మాట ఆమెకే వినపడనంత సన్నగా వచ్చింది.

వెనక బెంచీ కిర్రుమంది. ముసలాయన లేచి నిలబడ్డాడు. కళ్లు తడిగానే ఉన్నాయి గాని గొంతు మాత్రం వణకలేదు.

"ఉందండీ, జడ్జిగారూ," అన్నాడు. "ఆ సీలు వేయకండి. చేతుల ఇస్త్రీ మావాడిదే. కాలరు నేను చేసిచ్చా."